ఎలా పాడానో చెప్పు

నందిగామ,
22 జూన్ 2009

అన్నయ్యకు,

భారతి నమస్కారాలు. ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ అడిగితే అక్కడి పిల్ల నన్ను వింతగా చూసి, సొరుగంతా వెతికి తీసిచ్చింది. ఏం చెయ్యను మరి? ఎప్పుడు ఫోన్ చేసినా వదినే తీస్తుంది. "మీ అన్నయ్య ఇప్పుడే బజారుకెళ్ళాడమ్మా" అంటుంది. పొద్దున్నే చేసినా బజారే, భోజనాల వేళకి చేసినా బజారే. నామీద కోపమైతే కోపమని చెప్పు.

మా రేడియో మూగబోయింది. బడి నుంచి రిటైరయ్యాక నాకు మిగిలిన వ్యాపకం అదొక్కటేనని నీకు తెలుసు. పాలకేంద్రం మేడమీద ఒక గది, పొదుపు సంఘాల ఆడవాళ్ళు, నేను. చుట్టుపక్కల ఊళ్ళవరకే వినపడే చిన్న రేడియో. పత్తికి ఏ పురుగు పట్టిందో, ఏ ఊరికి డాక్టరు ఎప్పుడొస్తాడో, ఎవరి గేదె తప్పిపోయిందో అందులో చెప్పేవాళ్ళం. మధ్యాహ్నాలు మా రత్తమ్మ నాట్ల పాటలు పాడేది. పోయిన నెల గాలివానకి మా ఏరియల్ స్తంభం మీద పిడుగు పడి ట్రాన్స్‌మిటర్ కాలిపోయింది. అది లేకపోతే మేం గదిలో కూర్చుని ఒకరితో ఒకరం మాట్లాడుకోవడమే. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి నా మోకాళ్ళు అరిగిపోయాయి.

సంఘంలో అందరూ ఒకే మాట అన్నారు: "టీచరుగారూ, మీ అన్నగారి చేత బుర్రకథ చెప్పించండి, టిక్కెట్లు పెడదాం." మీ భవానీప్రసాద్ దళం అంటే ఇప్పటికీ జనం వస్తారని వాళ్ళ నమ్మకం. నాదీ అదే. మునేటి పడవ కథ చెప్పు అన్నయ్యా. నువ్వు కట్టిన కథ, మన ఊరు కీసర కథ, మన మునేరు కథ. కాదనకు.

భారతి

*

జగ్గయ్యపేట,
3 జూలై 2009

చి. భారతికి,

ఆశీస్సులు. కోపమేమీ లేదు. ఫోన్ సరిగా పనిచెయ్యడం లేదు, అంతే. ఏదున్నా ఉత్తరమే రాయి. నాకూ తాపీగా చదువుకోవడమే సుఖంగా ఉంది.

నీ రేడియో సంగతి చదివి మనసు బాగాలేదు. కానీ బెనిఫిట్ అనే మాట వింటేనే నీరసం వస్తుందమ్మా. నా జీవితమంతా చెప్పినవి బెనిఫిట్లే. బడికి పైకప్పు వెయ్యాలంటే కథ, లైబ్రరీ పెట్టాలంటే కథ, సారా మానమంటూ కథ, అక్షరాలు దిద్దమంటూ కథ. ఆ పైకప్పుల్లో కొన్ని కూలిపోయాయి కూడా. ఆ లైబ్రరీలో ఇప్పుడు ఎరువుల బస్తాలు వేసుకున్నారు. తంబుర రెండేళ్ళుగా గోడకే ఉంది. సిమెంటు లారీల దుమ్ము దానిమీద పడుతుంటుంది, మీ వదిన దులుపుతుంటుంది.

అయినా నువ్వు అడిగితే ఎట్లా కాదంటాను? రైతుబిడ్డకి కథలేంటని నాన్న నన్ను గెంటేసినప్పుడు, ఇంట్లో తెలియకుండా అన్నం మూటగట్టి ఏటి గట్టుకి తెచ్చిచ్చింది నువ్వు.

సొలొమోనుని కలిశాను. ఇన్నేళ్ళూ నా కుడిపక్క నిలబడి గుమ్మెట వాయించినవాడు ఇప్పుడు చర్చిలో పాటలు పాడుకుంటున్నాడు. "నువ్వు నిలబడితే నేనూ నిలబడతానన్నా" అన్నాడు. ఎడమపక్క నిలబడి జనాన్ని నవ్వించే మా బుల్లిబాబు ఆటో నడుపుతున్నాడు. వాడూ వస్తాడు. దసరా వెళ్ళాక పెట్టుకో.

మీ అన్నయ్య

*

నందిగామ,
17 ఆగస్టు 2009

అన్నయ్యకు,

నీ ఉత్తరం రేడియో గదిలో అందరికీ చదివి వినిపించాను. రత్తమ్మ ఏమందో తెలుసా? "మా పెళ్ళిలో ఆయన కథే పెట్టించారండీ. ఆ రోజు నేను పెళ్ళికొడుకు ముఖం కూడా సరిగా చూళ్ళేదు, ఆయన్నే చూశా" అంది. అందరూ ఒకటే నవ్వు. ఆ గదిలో నవ్వు వినపడి చాలా రోజులైంది.

అక్టోబరు రెండో ఆదివారం అనుకున్నాం. మార్కెట్ యార్డు సెక్రటరీ జగన్నాథరావుగారు స్థలం ఉచితంగా ఇస్తానన్నారు. కరపత్రాలు అచ్చుకిచ్చాను.

ఒక్క విషయం చెప్పాలి. నీ ఫోటో కోసం మొన్న మీ ఇంటికి మనిషిని పంపాను. నువ్వు అరుగుమీద కూర్చుని ఉన్నావట. ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పలేదట. గేటు దగ్గరే కాసేపు నిలబడి, నొచ్చుకుని తిరిగొచ్చేశాడు. "పెద్ద కళాకారులు కదండీ, మనతో ఏం మాట్లాడతార్లెండి" అన్నాడు. నువ్వు అలాంటివాడివి కాదు. ఒంట్లో బాగానే ఉందా? ఉన్నదున్నట్టు రాయి.

భారతి

*

జగ్గయ్యపేట,
8 సెప్టెంబరు 2009

భారతికి,

మీ వదిన తులశమ్మ రాసేది. మీ అన్నయ్యకి తెలీకుండా రాస్తన్నా, అక్షరాలు కుదరకపోతే ఏమనుకోమాక.

నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు. ఆ ఒట్టు నామీదే పడనీ. ఆయనకి వినపడట్లేదమ్మా. ఒక చెవి మూడేళ్ళ కిందటే పోయింది. రెండోది తగ్గతా తగ్గతా ఈ ఏడు పూర్తిగా పోయింది. బెజవాడ తీసకెళ్ళా. నరాలు చచ్చిపోయినయ్, ఆపరేషన్‌కి లొంగదన్నారు. చెవులో పెట్టుకునే మిషనిచ్చారు. అది పెట్టుకుంటే లారీల మోతే గానీ మనిషి మాట తెలవట్లేదని తీసి డబ్బాలో పడేశాడు. ఎదురుగా నిలబడి మెల్లిగా చెప్తే నా నోరు చూసి పోల్చుకుంటాడు. ఫోన్లో నోరు కనపడదు గదా. అందుకే బజారుకెళ్ళాడని నీకు అబద్ధాలు చెప్పా. నువ్వు పంపిన మనిషి పిలిచినా అందుకే పలకలా. నేను పెరట్లో బట్టలుతుకుతున్నా, చూసుకోలా.

నీ ఉత్తరం వచ్చిన కాడ్నించి రోజూ తంబుర దించి సాధన చేస్తన్నాడు. ఏం చెప్పను? తంబుర ఒక పక్క, ఈయన గొంతు ఒక పక్క పోతన్నాయ్. పక్కింటోళ్ళు కిటికీలు మూసుకుంటన్నారు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతా ఉంటది. లోపల ఆయనకి సరిగ్గానే వినపడతందేమో. నాకు చెప్పటానికి నోరు రావట్లా. నువ్వు పదిమందికి పాఠాలు చెప్పినదానివి. ఆయన నొచ్చుకోకుండా ఎట్టాగైనా ఆ కథ ఆపించు తల్లీ. నలుగురూ నవ్వితే ఆయన తట్టుకోలేడు.

నేను రాసినట్టు చెప్పమాక.

తులశమ్మ

*

నందిగామ,
6 అక్టోబరు 2009

అన్నయ్యకు,

కృష్ణకి ఇంత వరద ఎప్పుడూ చూడలేదంటున్నారు. మీ వైపు ఎలా ఉంది? ఇక్కడ అందరి మనసులూ పాడైపోయి ఉన్నాయి. ఈ సమయంలో టిక్కెట్లు పెట్టి కథ అంటే బాగుండదని సంఘంలో కొందరు అంటున్నారు. నాకూ నిజమే అనిపించింది. పైగా నువ్వు బస్సుల్లో పడి రావాలి, గంటలకొద్దీ నిలబడాలి. ఈ వయసులో నీకెందుకు శ్రమ? ఇప్పటికి వదిలేద్దాం. రేడియో సంగతి ఇంకోలా చూసుకుంటాం.

వదినని అడిగానని చెప్పు.

భారతి

*

జగ్గయ్యపేట,
15 అక్టోబరు 2009

చి. భారతికి,

వరద నిజమే. ముక్త్యాల వైపు పొలాలన్నీ మునిగాయి. కానీ నందిగామ మార్కెట్ యార్డులోకి కృష్ణ రాలేదు. నీకు చిన్నప్పటినుంచీ అబద్ధం చెప్పడం చేతకాదు.

మీ వదినని అడిగాను. ముందు కాదంది, తర్వాత ఏడ్చింది. ఆమెని ఏమీ అనలేదులే. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి నన్ను గాజుగ్లాసులా దాచిపెట్టాలని చూశారు. దాక్కున్నవాణ్ణి నేనే కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టడానికి లేదు.

ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తున్నా. రెండేళ్ళ కిందట రెడ్డిగూడెంలో కథ చెబుతున్నాం. ఉన్నట్టుండి సొలొమోను నా భుజం పట్టుకుని ఊపాడు. చూస్తే వాళ్ళిద్దరూ ఎప్పుడో వాయించడం ఆపేశారు. జనం నన్నే చూస్తున్నారు. నేనొక్కణ్ణే పాడుకుంటూ పోతున్నాను. మైకు కాలిపోయిందని సొలొమోను సర్దిచెప్పి నన్ను దించేశాడు. ఆ తర్వాత ఎవరు పిలిచినా వెళ్ళలేదు. చెవులు పోయాయని చెప్పిన రోజునుంచి మనుషులు మనతో మాట్లాడరమ్మా, మన పక్కనున్నవాళ్ళతో మాట్లాడతారు. "ఈయన కాఫీ తాగుతాడా?" అని మీ వదినని అడుగుతారు. అందుకే చెప్పలేదు.

నీ ఉత్తరం చూసి ఒప్పుకున్నది నీ రేడియో కోసం మాత్రమే కాదు. నేను ఆఖరిసారి కథ చెప్పింది రెడ్డిగూడెంలోనే అనుకుంటే నాకు అన్నం సయించదు. ఆఖరిది ఇంకొకటి కావాలి. సొలొమోనుకి అంతా తెలుసు, తెలిసే వస్తానన్నాడు.

అయినా నలుగురిలో నీకు తలవంపులవుతుందనుకుంటే దాచకుండా రాయి. మానుకుంటాను. వరదల గురించి మాత్రం రాయకు.

మీ అన్నయ్య

*

నందిగామ,
24 అక్టోబరు 2009

అన్నయ్యా,

తలవంపులు కాదు. భయం. అది నీకు చెప్పడానికి వరద కావాల్సొచ్చింది.

నవంబరు 22, ఆదివారం సాయంత్రం. పాత కరపత్రాలమీదే తేదీ కొట్టేసి కొత్త తేదీ రాస్తున్నాం. వదినని కూడా తీసుకురా. ముందు వరసలో కూర్చోబెడతాను.

భారతి

*

జగ్గయ్యపేట,
27 నవంబరు 2009

చి. భారతికి,

క్షేమంగా చేరాం. బస్సులో మీ వదినకి సీటు దొరికింది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది, రెండు రోజులు మంచం దిగలేదు. మీ సంఘంవాళ్ళు కప్పిన శాలువా బాగుంది, చలికి పనికొస్తోంది.

ఇప్పుడు నువ్వు నాకొక పని చేసిపెట్టాలి. ఆ సాయంత్రం జరిగింది నేను కళ్ళతోనే చూశాను. మొదలుపెట్టిన కాసేపటికి మధ్య వరసల్లోంచి కొందరు లేచి వెళ్ళిపోయారు. వెనక ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత సొలొమోను నా పక్కనుంచి కదిలి, నాకు ఎదురుగా వచ్చి, జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో వాడు జనానికి వీపు చూపించడం నేను ఎరగను. "మాటల్లో చెప్పన్నా" అని నోరు కదిపాడు. నేను అలిసిపోయానని వాడికి అనిపించిందేమో అనుకుని అలాగే చెప్పాను. ఆఖర్న ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఇదంతా ఎందుకు జరిగింది? బుల్లిబాబుని అడిగితే "అదరగొట్టావు బాబాయ్" అంటాడు. మీ వదిన బాగుందంటుంది, ఆ మాట అంటూ కూర తరగడానికి వెళ్ళిపోతుంది. సొలొమోను మాట దాటేస్తున్నాడు. నేను ఎలా పాడానో చెప్పు. ఆడవాళ్ళు ఏడ్చింది కథకా, నన్ను చూసి జాలితోనా? ఇది అడగడానికి నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

మీ అన్నయ్య

*

నందిగామ,
3 డిసెంబరు 2009

అన్నయ్యకు,

నువ్వు క్షేమంగా చేరినందుకు సంతోషం. కార్యక్రమం బాగా జరిగింది. జనం బాగా వచ్చారు. వచ్చినదాంతో కొత్త ట్రాన్స్‌మిటర్ రాదు గానీ, పాతదాన్ని బాగుచేసే మనిషి హైదరాబాదులో దొరికాడు. అందరూ నీ గురించే మాట్లాడుకుంటున్నారు. ఆరోగ్యం జాగ్రత్త. వేణ్ణీళ్ళతో కాపడం పెట్టుకో.

భారతి

*

జగ్గయ్యపేట,
9 డిసెంబరు 2009

భారతీ,

ఈ ఉత్తరం టీచరు రాసింది. మా చెల్లెలు ఎప్పుడు రాస్తుంది?

అన్నయ్య

*

నందిగామ,
19 డిసెంబరు 2009

అన్నయ్యా,

మొదటి సగం బాగాలేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి వారంపైగా పట్టింది. బందుల వల్ల పోస్టు కదలడం లేదని నాకు నేనే సాకులు చెప్పుకున్నాను.

ప్రార్థన ఎత్తుకున్నప్పుడే శ్రుతి తప్పింది. తంబుర ఒక చోట ఉంటే నీ గొంతు దానికన్నా ఎక్కడో పైన ఉంది. ఆగాల్సిన చోట ఆగలేదు. వాళ్ళిద్దరూ తందానా అని అందుకునేసరికి నువ్వు తర్వాతి చరణంలో ఉన్నావు. సొలొమోను గుమ్మెట నీ వెంట పరిగెత్తింది. మైకు కూతపెడితే అందరూ చెవులు మూసుకున్నారు, నువ్వు దానికి మరింత దగ్గరగా వెళ్ళావు. ముందు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత వెనక నవ్వులు మొదలయ్యాయి. లేచి వెళ్ళినవాళ్ళు పనుండి వెళ్ళలేదు. ఒకాయన నా దగ్గరికొచ్చి, "పాపం పెద్దాయన్ని ఇంటికి తీసకెళ్ళండి టీచరుగారూ, టిక్కెట్టు డబ్బులు మాకేం అక్కర్లేదు" అన్నాడు. నేను స్టేజీ పక్కన నిలబడి కరెంటు పోతే బాగుండు అనుకున్నాను. సొంత అన్న పాడుతుంటే అది కోరుకున్నాను. నీకు ఎదురుపడి చెప్పలేనిది అదే.

సొలొమోను ఎందుకు తిరిగాడని అడిగావు. బుల్లిబాబు మెల్లిగా సొలొమోనుతో "ఆపేద్దామన్నా, నవ్వుతున్నారు అందరూ" అన్నాడు. నాకు వినపడింది. సొలొమోను "నేనాపను" అన్నాడు. గుమ్మెటతో సహా వచ్చి నీ ఎదురుగా నిలబడ్డాడు. తన చేతులూ నోరూ నీకు కనపడాలని. "ఏందయ్యా, మాకు వీపు చూపిస్తావు!" అని జనం అరిచారు. ఎవరో గుగ్గిళ్ళ పొట్లం ఉండచుట్టి విసిరితే అతని భుజానికి తగిలింది. కదల్లేదు. కథ అయ్యేదాకా నీ ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు.

నువ్వు పాట ఆపి మాట అందుకున్నావు. పడవవాడు వరదలో గట్టున నిలబడి, ఎవర్ని ఎక్కించుకోవాలో ఎవర్ని వదిలెయ్యాలో తెలీక ఏటితో మొరపెట్టుకునే చోటు. ఎప్పుడూ అది పాటే. ఈసారి సొలొమోనుకి ఒక్కడికే చెప్పుకుంటున్నట్టు చెప్పావు. పాడాల్సినవి వాళ్ళిద్దరే పాడారు. అన్నయ్యా, మాటలో నువ్వు తప్పలేదు. ఎక్కడా తప్పలేదు. నవ్వినవాళ్ళు కూర్చున్నారు. గేటు దాకా వెళ్ళినవాళ్ళు కొందరు అక్కడే ఆగిపోయి, చివరివరకూ నిలబడే విన్నారు.

ఆడవాళ్ళ ఏడుపు. కొందరు జాలితోనే ఏడ్చారు. నిన్ను చూస్తూ ఏడ్చినవాళ్ళు వాళ్ళు. వదిన కూడా అందులోనే ఉంది, నేనూ ఉన్నాను. రత్తమ్మ మాత్రం నిన్ను చూడలేదు. తల వంచుకుని నేలని చూస్తూ ఏడ్చింది. మర్నాడు అడిగితే చెప్పింది. వాళ్ళ తమ్ముడు మునేట్లోనే పోయాడట. పడవలో చోటు లేదని వాణ్ణి ఒడ్డున దించేశారట. ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ వాడి పేరు ఎత్తరట. "ఆయన చెప్తంటే మావాడికి చెప్తన్నట్టే ఉందండీ" అంది. అది జాలి కాదు. దానికి నేను పూచీ.

ఇంకొక్క మాట. ఇక పాడకు. ఇది చెప్పాల్సింది నేనే అయినందుకు నాకు చాలా కష్టంగా ఉంది.

రేడియో సోమవారం నుంచి సాయంత్రాలు మాత్రం పలుకుతోంది. ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు. ఊళ్ళవాళ్ళు నీ కథ వెయ్యమని అడుగుతున్నారు. ఆ రోజు మేం రికార్డు చేశాం. నువ్వు ఒప్పుకుంటే రెండో సగం వేస్తాను. వద్దంటే మొత్తం తీసేస్తాను.

భారతి

*

జగ్గయ్యపేట,
30 డిసెంబరు 2009

చి. భారతికి,

నీ ఉత్తరం వచ్చి మూణ్ణాలుగు రోజులైంది. మొదటిరోజు చదివి మీ వదిన మీద కేకలేశాను, అన్నంలో ఉప్పు లేదని. ఉప్పు ఉంది. రెండోరోజు చదివి పడుకున్నాను. నిన్న మళ్ళీ చదివి సొలొమోను ఇంటికెళ్ళాను.

వాడికి నీ ఉత్తరం చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టాడు. "ఇవన్నీ టీచరుగారు రాయకపోతే ఏం?" అన్నాడు విసురుగా. ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. నాకు అర్థమయ్యేలా ఎదురుగా వచ్చి, నోరు మెల్లిగా కదుపుతూ, "నువ్వడిగింది ఎలా పాడానని. నేను నీ పాట వినలేదన్నా. నువ్వు పడకుండా పట్టుకునే పనిలో ఉన్నా" అన్నాడు. వాళ్ళావిడ టీ ఇచ్చింది. ఇద్దరం తాగాం. భుజం మీద దెబ్బేమైనా తగిలిందేమోనని చొక్కా తీయమన్నాను. పొట్లానికి దెబ్బేంటని నవ్వాడు.

భారతీ, నాకు ముందే తెలుసమ్మా. ఆ సాయంత్రం మైకు దగ్గరికి వెళ్ళినప్పుడు జనం చెవులు మూసుకోవడం నేనూ చూశాను. చలిగాలి అనుకున్నాను. మనిషి తనకి కావలసింది అనుకుంటాడు. మీరంతా బాగుందంటుంటే నేను ఒంటరిగా తెలుసుకుని కూర్చోవాల్సొచ్చింది. ఇప్పుడు నీకూ తెలుసు, నాకూ తెలుసు. అదే కాస్త తేలిక.

ఇక పాడను. సొలొమోనుకి కూడా చెప్పేశాను.

రెండో సగం వేసుకో. మొదటి సగం తుడిచెయ్యి. ఉంచుకునేంత గొప్పతనం నాకు లేదు. వేసే ముందు రత్తమ్మని ఒకసారి అడుగు. ఆమె వద్దంటే ఆ పడవవాడి మొర కూడా తీసెయ్యి. ఆమె ఇంట్లోవాళ్ళు రేడియో పెట్టుకుని ఉండొచ్చు. చెప్పాపెట్టకుండా వినపడితే కష్టం.

నువ్వు ఒకసారి రా. బందులు సద్దుమణిగాక బస్సులు చూసుకుని బయలుదేరు. వచ్చి ఏం మాట్లాడాలా, ఎట్లా ఓదార్చాలా అని దారంతా ఆలోచించకు. గట్టిగా అరిచి చెప్పాల్సిన పని కూడా లేదు. నాకూ మాట్లాడే ఓపిక లేదు. మీ వదిన కందిపచ్చడి చేస్తుంది. తిని, రెండు రోజులు ఊరికే పడుకుని వెళ్ళు.

మీ అన్నయ్య